నీళ్లు విన్న మాట

ఫణీంద్ర ఇంటి ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ డబ్బాలు ఏడున్నాయి. ఐస్‌క్రీమ్ మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. నీలం మూత డబ్బాలో కొబ్బరి కోరు, ఎర్ర మూతలో కరివేపాకు, పచ్చ మూతలో చింతచిగురు, మూత పగిలితే దారం కట్టినదాంట్లో పోయినేడాది నర్సాపురం నుంచి మోసుకొచ్చిన ఎండు రొయ్యలు. నార్వేలో, ఉత్తరాన కొసన ఉన్న ట్రోమ్సో ఊళ్లో కాపురం పెట్టినంత మాత్రాన ఖాళీ డబ్బా పారేసే బుద్ధి పుట్టదు కదా. కూతురు ఉదిత స్నేహితురాళ్లు ఆశగా మూత తీసి, లోపలున్నది చూసి మొహం వేలాడేస్తుంటే ఫణీంద్ర ఎన్నోసార్లు పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు ఉదిత ఎనిమిదో పుట్టినరోజుతో ఆగిపోయింది.

జనవరి మొదట్లో శనివారం అది. ఆ ఊళ్లో ఆ రోజుల్లో సూర్యుడు మొహం చూపించడు. మిట్టమధ్యాహ్నం ఆకాశం కాస్త నీలంగా మారి, వచ్చిన పని అయిపోయినట్టు మళ్లీ చీకటి పడిపోతుంది. పొద్దున్నే ఉదితకి నూనె పెట్టి తలంటారు, బొట్టు పెట్టి హారతిచ్చారు. పిలుపు కార్డులో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి వరకు అని వేశారు. క్లాసులో ఆడపిల్లల్లో ఒకరిని పిలిస్తే అందరినీ పిలవాలన్నది అక్కడి బడి నియమం, అందుకని పన్నెండు మంది వస్తున్నారు.

"అమ్మా, ఇవాళ నిజంగా వినిపిస్తావా?" తడి జుట్టు తువ్వాలులో చుట్టించుకుంటూ అడిగింది ఉదిత. పొద్దుటినుంచి అది నాలుగోసారి.

"వాళ్లందరూ వెళ్లాక వినిపిస్తానన్నాను కదే. మెషీను వేడెక్కడానికే మూడు గంటలు పడుతుంది," అంది మందాకిని.

"నానమ్మ నాకు ఇంకో పేరు పెట్టి ఉంటుందా? రహస్యం పేరు?"

"ఏమో తల్లీ. నాకూ నీ అంతే తెలుసు."

ఫణీంద్ర వంటింట్లో బంగాళాదుంపలు తరుగుతూ ఈ మాటలు విన్నాడు. కత్తి కాసేపు ఆగింది.

ఎనిమిదేళ్ల కిందటి మాట. మందాకినికి తల్లి లేదు కాబట్టి పురిటికి అత్తగారు మాణిక్యాంబ వచ్చింది. నర్సాపురం దాటి విజయవాడైనా సరిగ్గా చూడని మనిషి, మూడు విమానాలు మారి ఒక్కతే దిగింది. దిగిన వారానికే పోపు వేస్తే పొగకి అలారం మోగి, బిల్డింగంతా మంచులోకి పరిగెత్తి, ఫైరింజన్ వచ్చింది. "పోపుకే ఇంత గోల చేస్తే, ఇక దేవుడికి ధూపం వేస్తే ఊరు ఖాళీ చేస్తారేంట్రా వీళ్లు?" అని ఆవిడ బుగ్గ నొక్కుకుంది.

అందుకే ఇరవై ఒకటో రోజున బారసాల చేసినప్పుడు సాంబ్రాణి పొగ పోవడానికి వంటింటి కిటికీ బార్లా తెరిచి పెట్టింది. బయట మైనస్ పదహారు. ఆ కిటికీ గట్టు మీదే ఇత్తడి చెంబు పెట్టింది. చెంబులో పిల్లకోసం కాచి, వడకట్టి, చల్లార్చిన నీళ్లు. గంటన్నర గడిచినా ఆ నీళ్లు గడ్డకట్టలేదు, అలాగే తేటగా నిలబడి ఉన్నాయి. పసిపిల్లని శాలువాలో చుట్టి క్షణంసేపు అక్కడికి తెచ్చారు. మాణిక్యాంబ గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని, ఒంగి, పిల్ల చెవి దగ్గర నోరు పెట్టింది. గుప్పిట్లోంచి ఒక్క గింజ జారి చెంబులో పడింది.

మందాకిని కళ్లారా చూసింది. గింజ పడ్డచోటునుంచి తెల్లటి దారాలు బయల్దేరి, అత్తగారు గుసగుసగా చెబుతున్నంతసేపూ పాకుతూ పాకుతూ పోయి, ఆవిడ మాట ముగిసేసరికి చెంబు అడుగు ముట్టాయి. పది పన్నెండు క్షణాల్లో చెంబెడు నీళ్లూ బిగుసుకుపోయాయి.

"ఏం చెప్పావమ్మా దాంతో?" అన్నాడు ఫణీంద్ర.

"నీకెందుకురా? దానికి చెప్పాల్సింది దానికి చెప్పాను. పెద్దయ్యాక అది అడిగితే అప్పుడు మళ్లీ చెబుతాను," అని మాణిక్యాంబ చెంబులోకి తొంగి చూసింది. "చూశావా అమ్మాయ్? నీళ్లు కూడా చెవొగ్గి విన్నాయి. కదలకుండా ఎలా ఉండిపోయాయో చూడు."

అత్తగారు సరదాకి అన్నది. కోడలు చేసేది మంచు మీద పరిశోధన. ఆ మాట ఆమె బుర్రలో పడి, ఇక నిద్రపోనివ్వలేదు. ఆ మర్నాడే చెంబు గోరువెచ్చటి నీళ్లలో ముంచి, గడ్డ జారనిచ్చి, తెల్లమూత ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో దాచేసింది. ఎందుకు దాచానో నాకే తెలీదు అనేది అప్పట్లో.

మాణిక్యాంబ వెనక్కి వెళ్లిన పదినెలలకి పోయింది. ఉదిత పెద్దయ్యి అడిగేదాకా ఆగలేదు.

ఫణీంద్ర ఫోనులో తల్లివి నలభై వీడియోలున్నాయి. ఒక్కదాంట్లోనూ ఆవిడ గొంతు లేదు. ఫోను ఎత్తితే చాలు, ఫొటో అనుకుని ఆవిడ పైట సవరించుకుని ఊపిరి బిగబట్టి నిలబడేది. "వీడియో అమ్మా, ఏదైనా మాట్లాడు," అంటే పెదవి కదపకుండా కళ్లతోనే 'ముందు తియ్యరా' అనేది. నలభై వీడియోల్లోనూ వెనక కాకులరుస్తాయి, పక్కింటి టీవీ మోగుతుంది, ఫణీంద్ర నవ్వుతాడు, తల్లి మాత్రం అలా చూస్తూ ఉంటుంది. పోయిన రెండేళ్లకి ఒకరోజు పడవలో పనిచేసుకుంటూ తల్లి గొంతు గుర్తు తెచ్చుకోబోయాడు. ఎంతకీ రాలేదు. మాటలు గుర్తున్నాయి గాని గొంతు లేదు. ఆ రోజు అతనికి చాలా భయమేసింది.

అతను చేపల పడవల మీద శీతలయంత్రాలు బాగుచేసే మెకానిక్కు. మొగుడూ పెళ్లాలిద్దరూ మంచుతోనే బతుకుతున్నా, ఆమెకి మంచు అంటే ప్రశ్న, అతనికి జీతం. అందుకే భార్య పరిశోధన సంగతి చాలాకాలం పట్టించుకోలేదు. ఆర్నెల్ల కిందట ఆమె ల్యాబులో కంప్రెసర్ మొరాయిస్తే చూద్దామని వెళ్లాడు. ఎలాగూ వెళుతున్నాను కదా అని ఆమె మరిచిపోయిన క్యారియరు కూడా పట్టుకెళ్లాడు.

మందాకిని బల్ల దగ్గర నిలబడి ఉంది. గాజుపాత్రలో సున్నాకి తొమ్మిది డిగ్రీలు కిందున్న నీళ్లు, ఇంకా నీళ్లలాగే. ఆమె పట్టకారుతో చిన్న మంచుపలుకు అందులో వేస్తున్న సమయానికే ఇతను గుమ్మంలోకి వచ్చి, "పెరుగన్నం మరిచిపోయావే మహాతల్లీ!" అన్నాడు.

నీళ్లు గడ్డకట్టాయి. ఆమె వేలు చూపించి అక్కడే నిలబెట్టేసింది. గడ్డని తీసి యంత్రంలో పెట్టింది. వెంట్రుక మందం కాంతిరేఖ ఒకటి గడ్డని అంచునుంచి పొర పొరగా కరిగిస్తూ పోతుంది, కరిగే పొరలో ఇరుక్కున్న గాలిదారాలు గడ్డకట్టేటప్పటి చప్పుడుకి ఎలా వణికి ఉన్నాయో చదువుతుంది. ఆమె పై అధికారి తోరున్ అనే అరవయ్యేళ్లావిడ కూడా కుర్చీ జరుపుకుని వచ్చింది. చిన్న స్పీకరులోంచి, గొంతులో ఇసక పోసుకున్నట్టు, కాని స్పష్టంగా వచ్చింది: "...రిచిపోయావే మహాతల్లీ!"

తోరున్ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఫణీంద్ర స్పీకరు మీదికి ఒంగాడు. "మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు," అన్నాడు.

మందాకిని పళ్లెం చూపించింది. అందులో చెంచాడు నీళ్లున్నాయి. "చదివింది చదివినట్టు కరిగిపోతుంది. ఒక్కసారే. ఆ ఒక్కసారి రికార్డు చేసుకుంటే ఉంటుంది, లేకపోతే లేదు."

అప్పుడతనికి ఫ్రీజర్‌లో ఉన్న తెల్లమూత డబ్బా గుర్తొచ్చింది. అక్కడే, కంప్రెసర్ సంగతి మరిచిపోయి, స్టూలు మీద కూలబడ్డాడు. "అమ్మ గొంతు... ఉంటుందంటావా మందా?"

"ఉండొచ్చు. కాచిన నీళ్లు, అంత చలి, సరిగ్గా ఆ క్షణానికి గింజ పడటం, అన్నీ కుదిరాయి. కావాలని చేసినా అంత బాగా కుదరదు. కాని మెషీను ఇంకా బాగుపడాలి ఫణీ. ఒక్కసారే కదా. తొందరపడితే అంతే సంగతులు."

ఆర్నెల్లు ఆగారు. అప్పటినుంచీ గడ్డ డబ్బాతో సహా ల్యాబులోనే ఉంది. ఉదితకి చెప్పినప్పటినుంచీ అది కాలెండరులో రోజులు కొట్టేసుకుంటూ వచ్చింది. పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే, "నా చెవిలో చెప్పిన మాట నాకివ్వండి," అంది.

శుక్రవారం సాయంత్రం మందాకిని యంత్రాన్నీ, గడ్డనీ ఇంటికి తెచ్చింది. ల్యాబువాళ్ల స్టీలు పెట్టె ఇంటి ఫ్రీజర్‌లో పట్టలేదు. పెట్టెలోంచి పాత తెల్లమూత డబ్బా తీసి, చోటుకోసం అక్కడున్న ఇంకో తెల్లమూత డబ్బాని బాల్కనీలో పెట్టి, దీన్ని ఆ స్థానంలో సర్దింది. మీద టేపు అంటించి 'ముట్టుకోవద్దు' అని రాసింది. ఫ్రీజర్ చలికి టేపు జిగురు నిలవదని మెకానిక్కు మొగుణ్ణి అడిగితే చెప్పేవాడే. ఆమె అడగలేదు, అతను చూడలేదు.

బాల్కనీలోకి పోయిన డబ్బాలో ఉన్నది ఫణీంద్ర రెండురోజుల కిందట షర్బత్ కోసం గడ్డకట్టించిన మామూలు ఐసు.

మధ్యాహ్నం ఒంటిగంటా అయిదు నిమిషాలకల్లా గుమ్మంలో పన్నెండు జతల బూట్లు గుట్టపడ్డాయి. ఉన్ని మేజోళ్లతో పిల్లలు ఇల్లంతా జారుతూ ఆడారు. కేకు కోశారు. కొవ్వొత్తి ఊదలేదు, పుట్టినరోజు దీపం ఆర్పడమేంటి అప్రాచ్యంగా అని మాణిక్యాంబ చెప్పిన మాట ఆ ఇంట్లో ఇంకా నడుస్తోంది. పిల్లలకి అది వింతగా ఉండి, దీపం ఎందుకు ఆర్పరని ఒకటే ప్రశ్నలు. ఉదిత గర్వంగా జవాబులు చెబుతోంది. మందాకిని లోపలి గదిలో యంత్రం వేడి చూసుకుంటోంది.

"నాన్నా, ఇంక షర్బత్!" అని కేకేసింది ఉదిత.

ఫణీంద్ర ఫ్రీజర్ తెరిచి తెల్లమూత డబ్బా తీశాడు. దానిమీది టేపు ఎప్పుడో ఊడిపోయింది, అమ్మ గడ్డ ఇంకా స్టీలు పెట్టెలోనే ఉందని అతని నమ్మకం. గడ్డని తువ్వాలులో చుట్టి అప్పడాల కర్రతో నాలుగు దెబ్బలు వేశాడు. ముక్కల్లో సన్నటి తెల్లదారాలు కనిపించాయి. కుళాయి నీళ్లు కదా, గాలి ఎక్కువుంది అనుకున్నాడు. పదమూడు గ్లాసుల్లో పంచి, మీద సుగంధి షర్బత్ పోశాడు. "వచ్చినవాళ్లకి ముందు ఇవ్వమ్మా, వాళ్లు తాగాకే నువ్వు," అన్నాడు. ఉదిత బుద్ధిగా తన గ్లాసు పక్కన పెట్టుకుని అందరికీ అందించింది.

పిల్లలకి నచ్చింది. కొందరు ఐసు ముక్కలు బుగ్గలో పెట్టుకుని కరకరా నమిలారు.

రాగ్న అనే పిల్ల మాత్రం తాగలేదు. గ్లాసులోంచి ఐసు ముక్క వేళ్లతో తీసి పళ్లెంలో పెట్టింది. ఫణీంద్ర దగ్గరికొచ్చి మర్యాదగా చెప్పింది. "ఇందులో బియ్యం గింజ ఉందండి. పసుపుగా ఉంది. తినొచ్చా?"

ఫణీంద్ర చూశాడు. మంచులో సగం మునిగి, సగం బయటికి ఒక అక్షింత.

అది అమ్మ చేతిలోంచి జారిన గింజ. ఆ తర్వాత ఏం చేశాడో అతనికి సరిగ్గా తెలీదు. "ఆగండి! ఎవ్వరూ తాగొద్దు!" అని తెలుగులో అరిచాడు. పిల్లలకి అర్థం కాలేదు, బెదిరిపోయారు. అతను ఒక్కొక్కరి చేతిలోంచి గ్లాసు లాక్కున్నాడు. రాగ్న పళ్లెం కూడా లాక్కున్నాడు. సోల్‌వేయ్ అనే పిల్ల నోట్లో ముక్కుంటే దాని గడ్డం కింద చెయ్యి పెట్టి, "ఉమ్మెయ్, ఉమ్మెయ్," అన్నాడు. అది బావురుమంది. వెనక్కి జరుగుతున్న ఇంకో పిల్ల బల్లకి తగిలి, కేకు దబ్బున కింద పడింది. విషమేమో అనుకున్నారు కాబోలు, నలుగురు పిల్లలు చేతి గడియారం ఫోన్లలో అమ్మలకి ఏడుస్తూ చెప్పేశారు.

అరుపు విని మందాకిని పరిగెత్తుకొచ్చింది. బల్ల మీద ఖాళీ డబ్బా, తువ్వాలు, అప్పడాల కర్ర, మొగుడి మొహం చూసింది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గోడకి చేరగిలబడి అలా కిందకి జారి కూర్చుంది.

పావుగంటలో పెద్దవాళ్లు వచ్చేశారు. ఆ దేశంలో గట్టిగా మాట్లాడరు. నెమ్మదిగా అడిగారు. "తాగినదాంట్లో ఏముంది?"

"ఐసు."

"ఎక్కడి ఐసు?"

"ఇంట్లోదే. కాకపోతే... ఎనిమిదేళ్ల కిందటిది," అన్నాడు ఫణీంద్ర. అబద్ధం ఆడటం చేతకాక, నిజం ఎలా చెప్పాలో తెలీక చెమటలు పట్టాయి. వాళ్లలో ఒకావిడ నర్సు. కాచిన నీళ్లే, గడ్డకట్టి ఉన్నాయి కాబట్టి భయం లేదని ఆవిడే అందరికీ సర్దిచెప్పింది. అందరూ బూట్లు తొడిగించుకుని, ధన్యవాదాలు చెప్పి మరీ వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. ఆ ధన్యవాదాలకి అతనికి తల కొట్టేసినట్టయింది.

రెండున్నర కాకముందే ఇల్లు ఖాళీ. ఉదిత గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. లోపలినుంచి, "నా పుట్టినరోజు నువ్వే పాడుచేశావు, పో!" అన్న మాట ఒక్కటే వినబడింది.

ఏడవడానికి టైం లేదు. ఫణీంద్ర గ్లాసులన్నీ బాల్కనీలోకి మోసుకెళ్లి, మైనస్ తొమ్మిది చలిలో టీ వడకట్టుతో ఒక్కోటీ వడకట్టాడు. పదకొండు గ్లాసుల్లో ఏమీ మిగల్లేదు. రాగ్న పళ్లెంలో పెట్టిన ముక్క, షర్బత్‌లో నానలేదు కాబట్టి, బొటనవేలంత ఉంది. ఉదిత తాగకుండా అట్టేపెట్టుకున్న గ్లాసులో అడుగున ఇంకోటి, చింతగింజంత.

మందాకిని ఫ్రీజర్ వైపు పరిగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "తడిగా ఉన్నప్పుడు తిన్నగా అంత చలిలో పెడితే చిట్లిపోతుంది. పడవల మీద ఎన్ని చూశాను. ఇది నాకొదిలెయ్." ముక్కల్ని పొడిబట్టతో అద్దాడు, పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టాడు, గిన్నెలో మెత్తటి మంచు పోసి అందులో పూడ్చాడు. గంటగంటకీ వెళ్లి థర్మామీటరు చూసి వచ్చాడు. తను చేసిన పాపానికి తన పని ఆ కాస్తైనా పనికొచ్చిందని ఒక ఊరట.

"ఎనిమిదేళ్లు దాచాను ఫణీ," అంది మందాకిని చాలాసేపటికి. "చెప్పాల్సింది. టేపు అంటించి ఊరుకున్నాను."

"కొట్టింది నేను. మా అమ్మ మాటని నేనే అప్పడాల కర్రతో కొట్టాను," అన్నాడు. ఇద్దరికీ ఒక్కసారే నవ్వూ ఏడుపూ వచ్చాయి.

మర్నాడు పొద్దున్న ఉదిత తలుపు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి. ఫణీంద్ర దాని మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"రాగ్న చేతిలో పళ్లెం లాగేసుకున్నావు," అంది.

"అవును."

"సోల్‌వేయ్ ఇంక మనింటికి రానంది."

"వాళ్లింటికి వెళ్లి నేనే క్షమించమని అడుగుతాను. అందరిళ్లకీ వెళతాను." కాస్త ఆగాడు. "మా అమ్మ గొంతు పోయిందని భయమేసిందమ్మా. ఆ భయంలో నాకు నువ్వు కూడా కనబడలేదు. తప్పు నాదే."

ఉదిత చాలాసేపు అతని మొహంలోకి చూసింది. "నీకు నానమ్మ గొంతు గుర్తులేదా?"

"లేదు."

"మరి నాకెలా గుర్తుంటుంది?" అని దిగి వచ్చి అతని ఒళ్లో కూర్చుంది.

పదకొండింటికి, కిటికీలో ఆకాశం నీలంగా మారుతుండగా, ముగ్గురూ యంత్రం ముందు చేరారు. మందాకిని రెండు ముక్కల్నీ భూతద్దంలో చూసింది. "అక్షింత ఉన్న ముక్క మొదటిది. గడ్డకట్టడం అక్కడే మొదలైంది. అసలు మాట అందులో ఉంటుంది. ఈ చింతగింజది అడుగుది, అంటే చివరి మాట. ఇది చిన్నది, నిలవదు. ముందు దీన్నే చదవాలి." రికార్డరు మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది.

కాంతిరేఖ కదిలింది. మొదట చరచరమని చప్పుడు. తర్వాత గాజుల గలగల. ఆ తర్వాత, ముసలి ఊపిరితో, చాలా దగ్గరగా:

"...మీ నాన్న పుట్టినప్పుడు వాడి చెవిలోనూ ఇదే చెప్పానే. నువ్వూ నీలోనే ఉంచుకో, ఎవరికీ చెప్పకేం..."

పళ్లెంలో చుక్క పడింది.

ఫణీంద్ర రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ గొంతే. చివర 'ఏం' అన్నప్పుడు కాస్త పైకి లేచే ఆ గొంతే. ఇన్నాళ్లు ఎలా మరిచిపోయాడో అర్థం కాలేదు. భుజాలు ఎగసెగసి పడుతుంటే మందాకిని వీపు మీద చెయ్యి వేసింది.

కాసేపటికి ఆమె రెండో ముక్కని పట్టకారుతో ఎత్తింది.

"అమ్మా, ఆగు," అంది ఉదిత. "ఎవరికీ చెప్పకు అంది కదా నానమ్మ."

"అవును."

"మీరు వింటే చెప్పినట్టే కదా. అది నా చెవిలో చెప్పింది. నేనొక్కదాన్నే వింటాను."

మందాకిని చెయ్యి గాలిలోనే ఆగింది. "సరే, హెడ్‌ఫోన్స్ పెట్టుకో. కాని రికార్డు అయితే చేస్తాం. మేం వినం."

"అందులో దాస్తే తోరున్ ఆంటీ వింటుంది. అందరూ వింటారు. వద్దమ్మా."

అబద్ధమేమీ కాదు. తోరున్ సోమవారంకోసం ఎదురుచూస్తోంది. ల్యాబులో కావాలని గడ్డకట్టించిన నీళ్ల సంగతి వేరు. ఎవరూ అనుకోకుండా, ఎక్కడో ఒక వంటింటి కిటికీ దగ్గర, తనంతట తానే మాటని పట్టుకున్న మంచు ప్రపంచంలో ఇదొక్కటే. ఆ ఒక్కటి రుజువైతే పాత మంచులో ఇంకేం గొంతులున్నాయో వెతకొచ్చు. మందాకిని ఎనిమిదేళ్ల చాకిరీకి ఫలితం ఆ బొటనవేలంత ముక్కలో ఉంది. ఇప్పుడే రికార్డయిన ఆ చిన్నముక్క చాలదు. అన్నింటికంటే స్పష్టంగా ఉండేది ఇదేనని ఆమెకి తెలుసు.

ఆమె మొగుడి వైపు చూసింది. అతనికీ వినాలనుంది. ఎంత వినాలనుందో అతని కళ్లే చెబుతున్నాయి. ఇంకో అయిదారు క్షణాల అమ్మ గొంతు ఆ ముక్కలో ఉంది, దానితోనే ఆఖరు. అయినా నిన్న పిల్లల చేతుల్లోంచి ఒక్కోటీ లాక్కోవడం గుర్తొచ్చి అతను తల అడ్డంగా ఊపాడు.

"నిన్న దాని పుట్టినరోజు లాగేసుకున్నాను మందా. ఇది కూడా లాక్కోలేను. ఎవరి మాట వాళ్లకి ఇచ్చెయ్."

మందాకిని ముక్కని యంత్రంలో పెట్టింది. తర్వాత రికార్డరు మీట నొక్కింది. ఎర్రదీపం ఆరిపోయింది. "తోరున్‌కి ఏం చెప్పాలో నాకు తెలీదు," అంది. "పెట్టుకోవే హెడ్‌ఫోన్స్."

కాంతిరేఖ కదిలింది. ఉదిత కుర్చీలో కూర్చుని కాళ్లు ఊపుతోంది. ఒకచోట కాళ్లు ఊపడం ఆగిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి. ముందు చిన్నగా నవ్వింది, తర్వాత ఫక్కున నవ్వింది, తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లీ తండ్రీ దాని మొహంలో చదవాలని ఎంత చూసినా ఒక్క అక్షరం దొరకలేదు.

పళ్లెంలో చెంచాడు నీళ్లు మిగిలాయి, వాటి మధ్య పసుపుపచ్చటి గింజ ఒకటి. ఉదిత హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టింది.

ఫణీంద్ర ఆ గింజని రెండు వేళ్లతో తీసి కూతురి నెత్తిన వేశాడు. బారసాలనాడు పడాల్సిన అక్షింత అది. అడగకూడదని గట్టిగా అనుకున్నాడు. చివరికి ఉండబట్టలేకపోయాడు.

"ఏం చెప్పిందమ్మా?"

ఉదిత తల కదిలిస్తే గింజ పడిపోతుందని మెడ బిగబట్టుకుని, అచ్చం నానమ్మ వీడియోలో నిలబడినట్టు నిలబడింది.

"నీకూ చెప్పిందంట కదా నాన్నా," అంది. "గుర్తు తెచ్చుకో."